సున్నాలు, గీతలు, మా అమ్మ కోటు

పాఠకులారా, శుభవార్త! లోకంలో ఎడబాటు అనేది ఇక లేదు. పోయిన శీతాకాలం నుంచి మా ఊరి లైబ్రరీ వాళ్లు దాన్ని రద్దు చేశారు.

నమ్మకం కలగడం లేదా? నాకూ కలగలేదు. ఐదో తరగతితో బడి మాని ఎండుచేపలు తిరగేసిన దాన్ని. చలికి అడ్డంగా గోడలకు అంటించిన పాత పేపర్లు చూసి చదువు నేర్చుకున్న దాన్ని. వాటిలో సగం తలకిందులుగా అంటించి ఉండేవి కాబట్టి అటు నుంచి కూడా చదవగలను. వయసు డెబ్బై నాలుగు. ఎవరైనా గుమ్మం దాటితే మళ్లీ వస్తారో రారో అని గుండె దడదడలాడుతుంది. బస్సు కదిలేటప్పుడు చెయ్యి ఊపమంటే నేను కిటికీ వైపే చూడను. అలాంటి నా జబ్బుకు మందు కనిపెట్టారంటే మెచ్చుకోకుండా ఎలా ఉంటాను?

ఆ మందు పేరు 'అల్లిక'. మాది వలలు అల్లుకుని బతికిన న్యూఫౌండ్‌లాండ్ కదా, అందుకని ఆ పేరు. లైబ్రరీలోని పుస్తకాలు, ఫోటోలు, పటాలు, చర్చి రిజిస్టర్లు, పడవల జాబితాలు, అన్నిటినీ ఒకదానితో ఒకటి ముడివేసి కంప్యూటర్‌లో పెట్టారు. ఒక్కో వస్తువు ఒక సున్నా. ఒక్కో సంబంధం ఒక గీత. సున్నా మీద నొక్కితే దాని చుట్టాలందరూ సున్నాలై పుట్టుకొస్తారు. వాళ్ల మీద నొక్కితే వాళ్ల చుట్టాలు. మొత్తం కోటీ నలభై లక్షల ముడులున్నాయని గుమ్మం దగ్గర బోర్డు కూడా కట్టారు.

వల అల్లేటప్పుడు మా నాన్న ఒక మాట అనేవాడు: "ముడులు లెక్కపెట్టి మురిసిపోకు, చేప పడిందో లేదో చూడు." పాతకాలం మనిషి. ఆయనకేం తెలుసు?

అల్లిక రాకముందు పద్ధతి ఎంత క్రూరంగా ఉండేదో గుర్తుందా? పేరు కొడితే ఒక జాబితా వచ్చేది. ఆ జాబితాకు ఒక చివర ఉండేది! కావలసిన పుస్తకం దొరికేది. చంకలో పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లం. దొరకడమంటే ఏమిటి? వెతుకులాటకు వీడ్కోలు చెప్పడమే కదా! ఎంత నిర్దయ!

అల్లికలో ఆ బాధ లేదు. ఏదీ దొరకదు కాబట్టి దేనికీ వీడ్కోలు చెప్పనక్కర్లేదు.

మొన్న పార్ట్రిడ్జ్‌బెర్రీ పళ్ల జామ్‌లో చక్కెర ఎంత వెయ్యాలో చూద్దామని వెళ్లాను. జామ్ నుంచి చక్కెరకు గీత ఉంది. నొక్కాను. చక్కెర నుంచి చెరకు తోటలకు, తోటల నుంచి ఒక గవర్నరుకు, గవర్నరు నుంచి ఆయన పెట్టుకున్న సవరం జుట్టుకు, ఆ జుట్టు నుంచి అది ఏ తోక నుంచి వచ్చిందో ఆ తోకకు! మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒక గుర్రం ముందు కూర్చుని ఉన్నాను. మంచి గుర్రమే. వెనక్కి వెళ్లే దారి మాత్రం కనిపించలేదు. ఈ ఏడాది జామ్ పుల్లగా కుదిరింది. అయితేనేం? గుర్రానికీ జామ్‌కీ ఉన్న బంధుత్వం తెలియకుండానే పోయేదాన్ని కదా!

ఇక మా ఆయన సంగతి వినండి. అల్లికలో ఒక ఆచారముంది. రెండు సున్నాలు ఒకరివేనని తోస్తే, వాటి మధ్య లావుపాటి గీత గీసి 'ఇదీ అదీ ఒకటే' అని రాస్తారు. లైబ్రరీ వాళ్లలో ఎవరికి తోస్తే వాళ్లు అడగవచ్చు, పైన కూర్చున్న వాళ్లు సరే అంటే గీత పడిపోతుంది. మా ఆయన లియోకు వాళ్ల తాతగారి పడవ పేరు పెట్టారు. ఎవరికో ఏదో తోచింది. గీత పడింది.

దాని ప్రకారం మా ఆయన 1911లో ఓక్ చెక్కతో పుట్టాడు. రెండు తెరచాపలు. 1938లో రాయి తగిలి అడుగు పగిలింది. 1971లో నన్ను పెళ్లాడాడు. ప్రస్తుత పరిస్థితి: మరమ్మతులో ఉన్నాడు.

నవ్వకండి. పదకొండేళ్లుగా ఆయన సమాధి మీద గడ్డి పీకుతున్న దాన్ని నేను. 'మరమ్మతులో' అన్న మాట చదివాక వారం రోజులు హాయిగా నిద్రపోయాను. ఏ పాదిరీ, ఏ డాక్టరూ నాకు ఇంత ఊరట ఇవ్వలేదు.

అయితే నేను అల్లిక దగ్గరికి ముఖ్యంగా వెళ్లింది జామ్ కోసమూ కాదు, లియో కోసమూ కాదు. మా అక్క కార్మెల్ కోసం.

అక్కకు డెబ్బై తొమ్మిది. అఖాతానికి అవతలి ఒడ్డున మేరీస్‌టౌన్‌లో, కూతురింట్లో ఉంటుంది. ఆమె చూపుకు నడిమధ్యన మసక పట్టింది. అంచులు కనిపిస్తాయి, మధ్య కనిపించదు. కప్పు వైపు చూస్తే కప్పు మాయమవుతుంది, పక్కనున్న ఈగ కనిపిస్తుంది. వచ్చే చలికాలానికి ఆ అంచులు కూడా నమ్మకం లేదని డాక్టరు చెప్పేశాడు.

ఒక ఆదివారం ఫోన్‌లో ఉన్నట్టుండి అడిగింది.

"ఒసే ఇమెల్డా, అమ్మ ముఖం ఎలా ఉండేదే?"

"నా ముఖంలా ఉండేదంటారు కదే అక్కా."

"నీ ముఖం నాకెందుకు? చిన్నప్పటి నుంచి చూసి చూసి విసుగొచ్చింది. ఈ కళ్లు పోకముందు అమ్మ ముఖం ఒక్కసారి చూడాలి."

అమ్మ ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు. మేం పుట్టింది పించర్ దీవిలో. 1967లో ప్రభుత్వం వారు దీవికి డాక్టరు రాలేడు, రోడ్డు పడదు, అందరూ పెద్ద ఊళ్లకు తరలండి అన్నారు. మా చెక్క ఇంటికి తేలేలా ఖాళీ పీపాలు కట్టి సముద్రం మీద లాక్కొస్తుంటే లోపల అల్మారా ఒరిగి ఆల్బమ్ నీళ్లపాలైంది. వారం తర్వాత మేమందరం ఒకే పడవలో బయల్దేరాం, ఒడ్డు చేరాక విడిపోయాం. అక్కా బావా ఒక ఊరికి, అమ్మా నాన్నా నేనూ ఇంకో ఊరికి. ఆ రోజు కెమెరా పట్టుకుని ఒక సర్కారు మనిషి ఒడ్డున తిరిగాడు. అతను తీసిన ఫోటోలన్నీ ఇప్పుడు అల్లికలో ఉన్నాయని రేడియోలో చెప్పారు.

కోటు వేసుకుని పరుగెత్తాను.

అల్లిక ముందు మేవ్ విఫెన్ అనే అమ్మాయి కూర్చుని ఉంది. యూనివర్సిటీ పిల్ల. జనం అల్లికను ఎలా వాడుతున్నారో పరీక్షించడం ఆమె పని. పరీక్ష నాకు కాదట, యంత్రానికట. ఫెయిలైతే మాత్రం ఫెయిలయ్యేది నేనేనని తర్వాత తెలిసింది.

ఆ పరీక్షకు నియమాలున్నాయి. కూర్చున్న మనిషి మనసులో మెదిలిందల్లా పైకి చెప్పాలి. రికార్డరు తిరుగుతూ ఉంటుంది. పరీక్ష పెట్టేవాళ్లు సాయం చెయ్యకూడదు. మనం ఏమడిగినా వాళ్లు తిరిగి ఒకే ప్రశ్న వెయ్యాలి: "ఏం జరుగుతుందనుకుంటున్నారు?" చదువుకున్నవాళ్ల పద్ధతి ఇది. పడవ మునుగుతుంటే ఒడ్డున నిలబడి ఆ ప్రశ్న వేసేవాణ్ణి మా దీవిలో వేరే పేరుతో పిలిచేవాళ్లం.

"మొహమాటపడకండి, ఇమెల్డా గారూ. ఏదనిపిస్తే అది అనేయండి."

"పొయ్యి మీద నుంచి కెటిల్ దించానో లేదో అనిపిస్తోంది తల్లీ."

"అలాగే. ఇంకా?"

"నీ స్వెటర్ మోచేతి దగ్గర ఊడిపోతోంది. ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

ఆమె మోచెయ్యి బల్ల కిందికి లాక్కుంది. అది కూడా రాసుకుంది.

'పించర్ దీవి' అని కొట్టాను. రెండు వందల పద్నాలుగు సున్నాలు తేనెటీగల్లా లేచాయి. పేర్లు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటీ చదవనివ్వడం లేదు. కొన్నింటికి పేరే లేదు, జానెడు పొడవున చుక్కలూ అడ్డగీతలూ ఉన్న చిరునామా మాత్రం ఉంది. ఏదో ఒకటి నొక్కుదామని బాణాన్ని దగ్గరికి తీసుకెళ్తే పక్కకు జారుకుంటుంది. ఇంత చురుకైన చేపలు మా నాన్న వలలో ఏనాడూ పడలేదు!

అరగంట వేటాడాక ఒక ఫోటో చేతికి చిక్కింది. చొక్కా గుండీ అంత. సున్నాలో ఇమడాలి కదా, అందుకని గుండ్రంగా కత్తిరించారు. కింద ఇలా ఉంది: 'పడవల రేవు, 1967. గుర్తు తెలియని స్త్రీ, 30417.'

వెడల్పాటి కాలరున్న బూడిదరంగు కోటు. అలాంటి కోటు దీవి మొత్తానికి ఒక్కటే.

"మా అమ్మ!" అన్నాను. పైకే అన్నాను. నియమం కదా!

"మంచిది. ఇప్పుడేం చేద్దామనుకుంటున్నారు?"

"పెద్దది చేసి ముఖం చూద్దామనుకుంటున్నాను."

"ఎలా చేస్తే పెద్దదవుతుందనుకుంటున్నారు?"

"నువ్వు చెప్తే అవుతుందనుకుంటున్నాను."

మేవ్ పెదవి కొరుక్కుని, అది కూడా రాసుకుంది. మంచి క్రమశిక్షణ.

నొక్కాను. ఫోటో పెద్దది కాలేదు, దాని కుటుంబం పెద్దదయింది. ఫోటో నుంచి కెమెరాకు గీత, కెమెరా నుంచి అది తయారైన ఊరికి, ఆ ఊరి వంతెనకు. ఇంకోవైపు కోటుకు గీత, కోటు నుంచి ఉన్నికి, ఉన్ని నుంచి గొర్రెలకు. పదిహేడు జాతుల గొర్రెలు. అమ్మ ముఖం చూద్దామని వెళ్లిన నేను పదిహేడు గొర్రెల ముఖాలు చూశాను. ప్రతి ముఖమూ ఎంత స్పష్టంగా ఉందనుకున్నారు!

"పోనీ, ఈమె పేరు ఆనరా లీక్ అని ఎక్కడ రాయాలమ్మా? గుర్తు తెలియని మనిషి కాదు కదా. నాకు తెలుసు కదా."

"ఎక్కడ రాయవచ్చనుకుంటున్నారు?"

వెతికాను. అందులో చదవడానికే గానీ చెప్పడానికి చోటు లేదు. ఎంత మర్యాద! తెలిసినవాళ్లకు నోటి శ్రమ కూడా లేకుండా చేశారు.

నలభై ఒక్క నిమిషాలయ్యాక మేవ్ రికార్డరు కట్టేసి కాగితం మీద ఏదో రాసింది. నాకు ఎదురుగా, తలకిందులుగా ఉంది. చెప్పాను కదా, అది నాకు లెక్క కాదు. 'పని పూర్తి కాలేదు. మహిళ దారి తప్పారు' అని ఉంది.

రికార్డరు ఆగిందో లేదో ఆ పిల్ల మనిషైపోయింది!

"అమ్మమ్మగారూ, ఒక్క నిమిషం కూర్చోండి. ఎక్కడికీ వెళ్లకండి," అంటూ మెట్లు దిగి కింది గదికి పరుగెత్తింది. నాలుగు నిమిషాల్లో అట్టపెట్టెతో వచ్చింది. పెట్టె మీద పెన్సిల్‌తో 'పించర్ దీవి' అని రాసి ఉంది. ఐదో ఫోటో అదే. మందపాటి కాగితం మీద నకలు తీసి చేతిలో పెట్టింది.

"నేనిలా సాయం చేశానని ఎవరితోనూ అనకండి, నా పరీక్ష చెడిపోతుంది. మీరు చెప్పిన పేరు మాత్రం పైవాళ్లకు పంపిస్తాను."

అననని మాటిచ్చాను. ఇప్పటివరకు ఎవరితోనూ అనలేదు, రాశానంతే.

కాగితం కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. చేతిలో తాడు పట్టుకుని రేవు మీద నిలబడి ఉంది అమ్మ. వీపు ఇటు తిప్పి. ముఖం లేదు. కాలరు, జుట్టు ముడి, వీపు. అంతే.

పాఠకులారా, ఇక్కడ కూడా అల్లికదే గెలుపు. గుండీ అంత ఫోటోలో వీపో ముఖమో తెలియక పావుగంటసేపు ఆశగా బతికాను. పెట్టెలోంచి వచ్చిన కాగితం ఒక్క క్షణంలో ఆ ఆశ తీసేసింది.

అయినా తీసుకెళ్లాను. వీపైనా అమ్మ వీపే కదా. అవతలి ఒడ్డుకు చుట్టూ తిరిగి వ్యాన్‌లో నాలుగు గంటలు. దారిలో మంచు, దుప్పులు, డ్రైవరు పాటలు, అన్నిటికీ భయపడుతూ వెళ్లాను.

అక్క నా పుల్లటి జామ్ బ్రెడ్డు మీద రాసుకుని, ముఖం వికారంగా పెట్టి, చేతులు తుడుచుకుని, కాగితం అందుకుంది. నూక గింజను చూసే కోడిలా తల పక్కకు వంచింది. ఆమె ఏది చూసినా ఇప్పుడు అలాగే చూస్తుంది, కంటి కొసతో.

"ఏదీ అమ్మ?"

"మధ్యలో ఉంది చూడు. కోటు చూసి పోల్చుకోలేవూ?"

"కోటు అమ్మదే. లోపలున్నది నువ్వు, మొద్దూ."

"నేనా?"

"ఆ పొడుగేమిటి? అమ్మ నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. ఆ రోజు తాడు విప్పింది ఎవరే? నాన్న ఇంజిను దగ్గర. నేను చంటాణ్ణి ఒళ్లో పెట్టుకుని పడవలో. నువ్వు రేవు మీద పళ్లు కొట్టుకుంటూ నిలబడితే, అమ్మ తన కోటు విప్పి నీ మీద కప్పి వచ్చి నా పక్కన కూర్చుంది. దారంతా వణికింది. ఆ వణుకు ఈ భుజానికి ఇంకా తెలుస్తోంది."

యాభై ఏడేళ్లుగా నేను అందరికీ చెబుతూ వచ్చింది ఒకటే: మేం దీవి వదిలిన రోజు చలే లేదు, ఎండాకాలంలా ఉంది అని.

"అయితే ఇందులో అమ్మ లేనట్టేనా అక్కా?"

అక్క కాగితాన్ని ఇంకాస్త పక్కకు తిప్పింది. "లేకపోవడమేమిటి? ఇదుగో, ఈ మూల."

కాగితం ఎడమ అంచున పడవ ముక్కు ఉంది. నేనది చూడనే లేదు, నా చూపంతా నడిమధ్యన కోటు మీదే. పడవ అంచు మీద ఒక చెయ్యి. పైన తలగుడ్డ. దాని కింద బఠాణీ గింజంత ముఖం. ఆ ముఖం రేవు వైపు, కోటు వైపు పైకెత్తి ఉంది.

అల్లిక సున్నా సరిగ్గా ఆ మూలనే కత్తిరించింది.

అక్క చాలాసేపు తల పక్కకు వంచి చూసింది. వేలితో తడమలేదు, ఏడవలేదు. ఆఖరికి అంది: "నిజమేనే. నీ ముఖంలానే ఉంది, పాపం ఆవిడ!"

ఇంటికి రాగానే లైబ్రరీకి వెళ్లాను. మేవ్ ముఖం వెలిగిపోతోంది. స్వెటర్‌కు మాసిక వేయించుకుంది కూడా. "పైవాళ్లు ఒప్పుకున్నారు, చూడండి!" అని తెర నా వైపు తిప్పింది. 30417 నుంచి ఆనరా లీక్‌కు లావుపాటి గీత. 'ఇదీ అదీ ఒకటే.'

అంటే పాఠకులారా, నేనూ మా అమ్మా ఒకటే! నేను 1909లో పుట్టాను, 1982లో పోయాను, నన్ను నేనే కన్నాను. ఎడబాటు రద్దు చేశారని ఊరికే అన్నానా?

సంగతి చెప్పాను. మేవ్ మొదట నవ్వింది, తర్వాత ఎర్రబడింది. "పేరు చెప్పింది మీరు కాబట్టి గీత తెంచే హక్కు కూడా మీదే," అంటూ లేచి నాకు కుర్చీ ఇచ్చింది.

ఆ బొత్తం వెతకనక్కర్లేదు. అల్లిక మొత్తంలో ఒక్క నొక్కుకు పనిచేసేది అదొక్కటే. ఎర్రగా, పెద్దగా, నాలాంటి వాళ్లకు కూడా కళ్లజోడు లేకుండా కనిపించేలా ఉంది. దాని మీద 'విడదీయి' అని రాసి ఉంది.

బాణం దాని మీద పెట్టాను. వేలు కదల్లేదు.

"నువ్వే నొక్కు తల్లీ. నేను కళ్లు మూసుకుంటాను."

"నేను సాయం చెయ్యకూడదు కదండీ." తర్వాత, రికార్డరు లేకపోయినా, మెల్లగా అడిగింది: "నొక్కితే ఏం జరుగుతుందనుకుంటున్నారు?"

"మా అమ్మ పడవలోకి వెళ్లిపోతుంది. నేను రేవు మీద ఉండిపోతాను."

నొక్కాను. అప్పుడు తాడు విప్పింది కూడా నేనే కదా.

గీత పోయింది. 30417 మళ్లీ గుర్తు తెలియని స్త్రీ అయిపోయింది. ఆ స్త్రీ బతికే ఉంది, ఇదుగో నీ పక్కనే కూర్చుని ఉంది, ఆమె పేరు ఎక్కడ రాయాలి అన్నాను. వచ్చే ఏడాది దానికి చోటు వస్తుందట. మూల తెగిన ఫోటో మాట ఏమిటన్నాను. సున్నాను నలుచదరం చెయ్యాలంటే కమిటీ కూర్చోవాలట. ఆ మూలనున్న మనిషికి ఇంకా సున్నా కూడా లేదు కాబట్టి ఆమె తరఫున ఫిర్యాదు తీసుకోవడం కుదరదట.

అందుకే అంటున్నాను, అల్లిక వర్ధిల్లాలి! కోటీ నలభై లక్షల ముడులు రెండు కోట్లవ్వాలి! గొర్రెలు, గుర్రాలు, గవర్నర్లు కలకాలం కలిసుండాలి! ఆ వలలో ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లకు గీత లేదని ఎవరూ దిగులుపడనక్కర్లేదు. మాకు వ్యాన్ ఉంది.

ఎవరికైనా పించర్ దీవిలో ఎవరి గురించైనా తెలుసుకోవాలని ఉంటే మేరీస్‌టౌన్‌లో ఇంకో సాధనం ఉంది. పేరు కార్మెల్. వచ్చే చలికాలం దాకా చూసి చెబుతుంది, ఆ తర్వాత చూడకుండానే చెబుతుంది. వాడటం తేలిక. తలుపు మీద ఒక్కసారి తట్టండి. ఫోటో ఉంటే తెచ్చుకోండి, మూలలు కత్తిరించకండి. జామ్ పెడితే తినండి, పుల్లగా ఉందని అనకండి.

లోపలికి వెళ్లాక ఎదురుగా మాత్రం కూర్చోకండి. పక్కన కూర్చోండి. ఆమెకు పక్కనున్నవాళ్లే కనిపిస్తారు.